పది నిమిషాల కరెంటు

దసరాకు అటక దులుపుతుంటే పాత యూపీఎస్ ఒకటి చేతికొచ్చింది. నల్లటి డబ్బా. చూడ్డానికి చిన్నదే, ఎత్తితే తెలుస్తుంది బరువు. వెనకవైపు ప్లాస్టిక్ ఒక మూల కరిగి ముడుచుకుపోయి ఉంటుంది. "అమ్మా, ఇది పాత సామాన్లాయనకు వేసేద్దామా?" అంది మా పెద్దమ్మాయి. వద్దన్నాను. దాని పక్కనే చుట్ట చుట్టి దారం కట్టిన పాత క్యాలెండర్లు కూడా దొరికాయి. అవి మా పాల లెక్కల క్యాలెండర్లు. 2012వి, 2013వి తీసి చూస్తే పాల లీటర్ల పక్కన ఇంకో లెక్క కూడా నా చేతిరాతలోనే ఉంది. "6–9, 12–3, రాత్రి 2 గం." అని. అవి మా వీధిలో కరెంటు పోయిన వేళలు.

చరిత్ర అంటే రాజులదే కాదు కదా. మా ఇంట్లో కరెంటు చరిత్ర ఈ క్యాలెండర్ల మీద ఉంది. దాన్ని మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

మొదట ఊరి సంగతి. మా జహీరాబాద్ నిజాం కాలంలో బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాలను భాషల ప్రకారం విడదీసినప్పుడు జహీరాబాద్ తాలూకా, న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా ఇటు వచ్చి మెదక్ జిల్లాలో కలిశాయి. 2016 అక్టోబరు నుంచి సంగారెడ్డి జిల్లా. అందుకే ఇక్కడ ఒకే వీధిలో తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ వినిపిస్తాయి. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో కరెంటు తీసే కేంద్రం 1920 నాటికే వచ్చింది. పల్లెలకు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1959లో విద్యుత్ బోర్డు ఏర్పడ్డాక ఒక్కో ఊరికీ స్తంభాలు పడుతూ వచ్చాయి. మా నాయనమ్మ చెప్పేది, వాళ్ళ పెళ్ళినాటికి ఇంట్లో ఎక్కబుడ్డి, కందిలి తప్ప ఏమీ లేవట. సాయంత్రం కాగానే కందిలి చిమ్నీని బూడిదతో తోమడం ఇంటి కోడలి పని. నేను పుట్టేనాటికి మా ఊళ్ళో కరెంటు ఉంది. కానీ కందిలి కూడా కొక్కేనికి వేలాడుతూనే ఉండేది. కరెంటు రావడంతో పాటే కరెంటు పోవడం కూడా మా ఇంటికి వచ్చింది మరి.

కరెంటును దాచిపెట్టుకోవచ్చని నాకు తెలిసింది మహాభారతం వల్ల. 1988 నుంచి 1990 దాకా ఆదివారం పొద్దున టీవీలో వచ్చిన ఆ సీరియల్ మీలో నా వయసువాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే మా ఊళ్ళో కరెంటు పోయేది. అప్పుడు మా బాపు ట్రాక్టరు బ్యాటరీ విప్పి తెచ్చి గడప దగ్గర పెట్టేవాడు. మాది పన్నెండు అంగుళాల నలుపు తెలుపు టీవీ. దాని వెనక 12 వోల్టుల వైరు పెట్టుకునే రంధ్రం ఉండేది. రెండు క్లిప్పులు తగిలించగానే బొమ్మ వచ్చేది. వీధి వీధంతా మా వాకిట్లోనే. అమ్మ మాత్రం పిల్లలను బ్యాటరీ దగ్గరికి రానిచ్చేది కాదు, లంగాల మీద యాసిడ్ పడితే చిల్లులు పడతాయని. గంటసేపు టీవీ నడిచినా మధ్యాహ్నం ట్రాక్టరు మామూలుగానే స్టార్టయ్యేది. "ఎట్ల బాపూ?" అని అడిగితే, "టీవీ తాగేది గుక్కెడే బిడ్డా" అనేవాడు. ఆ మాట ఎంత సరైనదో ఇరవై ఏళ్ళ తర్వాత గానీ నాకు అర్థం కాలేదు.

ఆ బ్యాటరీ కథ చాలా పాతది. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే ఆయన రెండు సీసపు రేకులను మధ్యలో గుడ్డ పెట్టి చుట్టగా చుట్టి, నీళ్ళు కలిపిన గంధకామ్లంలో ముంచాడు. అంతకు ముందున్న బ్యాటరీలు ఒకసారి అయిపోతే అయిపోయినట్టే. ఇది మాత్రం కరెంటు పంపితే మళ్ళీ నిండేది. 1881లో కమీల్ ఫోర్ అనే ఇంకో ఫ్రెంచి ఆయన సీసపు పలకలకు సీసపు ముద్ద పూసి, అందులో ఎక్కువ కరెంటు పట్టేలా చేశాడు. ఇవాళ మన వరండాలో ఉండే ఇన్వర్టరు బ్యాటరీ దాని మనవరాలే. మన తెలుగువాళ్ళూ ఈ పనిలోకి దిగారు. అమెరికా నుంచి తిరిగొచ్చిన గల్లా రామచంద్ర నాయుడు గారు 1985లో తిరుపతి దగ్గర అమరరాజా బ్యాటరీల సంస్థ పెట్టారు.

ఇంకో సంగతి గమనించారా? పాత రోజుల్లో కరెంటు పోయినా ల్యాండ్‌లైన్ ఫోను మోగేది. ఎందుకంటే ఫోనుకు కావలసిన కరెంటు ఎక్స్ఛేంజి నుంచి ఆ సన్నటి తీగలోనే వచ్చేది. ఎక్స్ఛేంజిలో ఒక గది నిండా బ్యాటరీలు. రెండేసి వోల్టుల సెల్లులు ఇరవై నాలుగు వరుసగా కలిపితే 48 వోల్టులు. మా పక్కింటి చాచా టెలిఫోన్ శాఖలో ముప్పై ఏళ్ళు ఆ గదుల్లోనే పనిచేసి రిటైరయ్యారు. ఈ కథలో ఆయన మళ్ళీ వస్తారు.

2007లో మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. నేను బీఏ తెలుగు చదివాను కాబట్టి అక్షరదోషాలు లేకుండా టైపు చేస్తానని, ఊళ్ళో ఒక ప్రెస్సు వాళ్ళు పని ఇస్తామన్నారు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు నేర్చుకున్నాను. పెళ్ళి కార్డులు, ప్రశ్నపత్రాలు, కరపత్రాలు. పేజీకి ఇరవై రూపాయలు. పిల్లలు బడికి పోయాక రెండు గంటలు, రాత్రి వాళ్ళు పడుకున్నాక రెండు గంటలు చేసేదాన్ని. ఆ డబ్బు ఎంతని కాదు. నెలాఖరున మా ఆయనను అడగకుండా పెద్దమ్మాయికి బూట్లు కొన్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

కంప్యూటర్‌తో పాటు ఇచ్చారు ఈ నల్ల డబ్బాను. దాని లోపల 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ. ఆ రెండంకెలను గుణిస్తే 84. అంటే 84 వాట్ల వస్తువు గంటసేపు నడవాలి, కాగితం మీద. మా కంప్యూటర్ పెట్టె, పాత పెద్ద గాజు మానిటరు కలిసి 150 వాట్ల దాకా తాగేవి. అయితే అరగంట పైన రావాలి కదా? కొత్తలో పావుగంట వచ్చింది. రెండేళ్ళకు పది నిమిషాలు, ఆ తర్వాత ఎనిమిది. కీ కీ కీ మని అది అరవడం మొదలుపెట్టగానే నా గుండె కూడా అలాగే కొట్టుకునేది.

ఇక 2012. ఆ జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతమంతా చీకటైపోయింది. దేశంలో సగం జనాభాకు కరెంటు లేదు. రైళ్ళు ఆగిపోయాయి. మన దక్షిణాదికి మాత్రం ఏమీ కాలేదు. మన గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో నేరుగా కలిసి లేదు, కొన్ని ప్రత్యేకమైన లైన్లతోనే సంబంధం. ఆ విడి కాపురం వల్లే ఆ రెండు రోజులూ బతికిపోయాం. కానీ మనకు కొరత వచ్చినప్పుడు అటునుంచి కావలసినంత తెచ్చుకునే దారీ లేకుండా పోయింది. ఆ ఏడాది, మరుసటి ఏడాది ఎంత కోతలో మీకు గుర్తే ఉంటుంది. ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు. మా వీధిలో రోజుకు ఎనిమిది గంటలు పోయిన రోజులు నా క్యాలెండర్ మీద చాలా ఉన్నాయి.

ఆ అక్టోబరులో ఒక బడి వార్షికోత్సవ సంచిక పని వచ్చింది. నలభై ఆరు పేజీలు. అంత పెద్ద పని నాకదే మొదటిసారి. చివర "అక్షర కూర్పు" అని నా పేరు కూడా వేస్తామన్నారు. ఒక రాత్రి ఫోటోలు పెడుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ అరవలేదు, ఒక్కసారిగా అంతా ఆరిపోయింది. తెల్లారి తెరిచి చూస్తే ఫైలు తెరుచుకోలేదు. వేరే కాపీ పెట్టుకోకపోవడం నా తప్పే. వారం రోజుల పని పోయింది. గడువు దాటిందని సంచికను ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ రోజు వంటింట్లో నీళ్ళ కుళాయి తిప్పి పెట్టి ఏడ్చాను, చప్పుడు వినపడకుండా.

మా ఆయన చూశారు. ఏమీ అనలేదు గానీ సాయంత్రం ఒక మెకానిక్‌ను తీసుకొచ్చారు. అతను యూపీఎస్ విప్పి, లోపలి చిన్న బ్యాటరీ తీసేసి, రెండు పొడుగు వైర్లు బయటికి లాగి, ఒక పాత కారు బ్యాటరీకి కలిపాడు. బల్ల కింద పెట్టాం. ఆ రాత్రి కరెంటు పోతే కంప్యూటర్ గంటన్నర నడిచింది. ఇంత సులువా అనిపించింది. నాలుగో రాత్రి నేను టైపు చేస్తున్నాను, పిల్లలిద్దరూ అదే గదిలో పడుకున్నారు. "అమ్మా, ఏదో కాలుతున్నట్టుంది" అని పెద్దమ్మాయి లేచి కూర్చుంది. వంగి చూస్తే డబ్బా వెనక ప్లాస్టిక్ కరుగుతోంది. మా ఆయన చెప్పుతో వైరు లాగేశారు. అదృష్టం బాగుండి అంతటితో పోయింది.

పొద్దున చాచా వచ్చి చూసి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, "బేటీ, బ్యాటరీ ఎంత పెద్దదో చూసినవ్, డబ్బా ఎంత చిన్నదో చూసినవా?" అన్నారు. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

చిన్న యూపీఎస్ పదినిమిషాల కోసమే పుడుతుంది. రాసింది దాచుకుని కంప్యూటర్ ఆపుకోవడానికి ఆ మాత్రం చాలు. దాని లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పది నిమిషాల వేడిని ఓర్చుకుంటుంది, గంటన్నర వేడిని ఓర్చుకోలేదు. బ్యాటరీ ఎంత పెద్దది పెడితే అంతసేపు ఉడుకుతుంది. రెండోది, దాని ఛార్జరు కూడా చిన్నదే, ఒక ఆంపియర్‌కు అటూ ఇటుగా ఇస్తుంది. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీని అది నింపాలంటే 150 గంటలు పైనే, అంటే వారం రోజులు, అదీ మధ్యలో కరెంటు పోకుండా ఉంటే. మూడోది, నీళ్ళు పోసే బ్యాటరీ ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. తలుపులేసుకున్న పడకగదిలో, దీపం వెలిగించే ఇంట్లో దాన్ని పెట్టకూడదు. "మా ఎక్స్ఛేంజిలో బ్యాటరీ గదికి గాలి పోయే ఏర్పాటు చూసినంకనే బ్యాటరీలు పెట్టేది" అన్నారు చాచా.

"మరి సమయం పెరగాలంటే ఎట్లా చాచా?" అని అడిగాను.

"ముందు ఎంత తాగుతుందో తగ్గించు. తర్వాత బ్యాటరీ సంగతి చూద్దాం."

మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాచుకోవాలని మన పెద్దవాళ్ళు అనలేదూ, అదే ఇది. ఇక్కడ ఇంకో కిటుకు ఉంది. బ్యాటరీ మీద రాసిన 7 అనే అంకె, కరెంటును ఇరవై గంటల పాటు నెమ్మదిగా తీసుకుంటే వచ్చే లెక్క. గబగబా లాగితే అంత ఇవ్వదు. ఈ సంగతిని 1897లో పాయ్‌కర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త లెక్కగట్టి చెప్పాడు. మాకు అరగంట రావలసిన చోట పావుగంటే ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. దీన్నే తిరగేసి చూడండి. వాడకం సగం చేస్తే సమయం రెట్టింపు కాదు, అంతకంటే ఎక్కువే పెరుగుతుంది. బాపు ట్రాక్టరు బ్యాటరీ టీవీని అన్ని వారాలు మోసింది ఇందుకే. ఆ టీవీ తాగేది పదిహేను, ఇరవై వాట్లే.

మేము చేసిన మొదటి పని పాత గాజు మానిటరు తీసేసి సన్నటి ఎల్ఈడీ మానిటరు కొనడం. 80 వాట్ల చోట 18 వాట్లు. స్పీకర్ల ప్లగ్గు తీసేశాను. లేజర్ ప్రింటరును బ్యాటరీ మీద ఎప్పుడూ పెట్టొద్దన్నారు చాచా, వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. హైబర్నేట్ అనేది ఒకటుందని కూడా అప్పుడే తెలిసింది. అది నొక్కితే తెరిచి ఉన్న పనంతా డిస్కులో దాచుకుని కంప్యూటర్ పూర్తిగా ఆరిపోతుంది. కరెంటు వచ్చాక వదిలిన చోటే మొదలుపెట్టొచ్చు. రోజూ రాత్రి ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ చేయడం అలవాటు చేసుకున్నాను. వీటిలో మానిటరు ఒక్కదానికే డబ్బు ఖర్చయింది.

తర్వాత నా టైపు డబ్బులు, మా ఆయన బోనసు కలిపి సైన్ వేవ్ ఇన్వర్టరు, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ కొన్నాం. వరండాలో, గాలి తగిలే చోట, పిల్లల చేతికి అందకుండా పెట్టాం. మొదటి వారం కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలయ్యేది. కొన్నది దండగ అనుకున్నాను. చాచా ఇన్వర్టరు వెనక చిన్న స్విచ్చి చూపించారు. అది మామూలు మోడ్‌లో ఉంటే బ్యాటరీకి మారడం కాస్త ఆలస్యం, ఫ్యాన్లకు తెలియదు గానీ కంప్యూటర్ ఆగిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో పెడితే కంటికి తెలియనంత త్వరగా మారుతుంది. మీ ఇంట్లో ఇన్వర్టరు ఉంటే ఒకసారి వెనక చూడండి. ఒక్క మాట, యూపీఎస్ మోడ్‌లో వోల్టేజి బాగా తగ్గితే కరెంటు ఉన్నా అది బ్యాటరీ మీదికే పోతుంది. సాయంత్రం లో వోల్టేజి ఉండే వీధుల్లో ఇది గమనించుకోవాలి.

అంత పెద్ద బ్యాటరీ ఉంది కదా అని మొదట రెండు ఫ్యాన్లు, ట్యూబులైటు, కంప్యూటర్ అన్నీ వేసుకున్నాం. అన్నీ కలిసి 250 వాట్లు పైనే. నాలుగు గంటలకు చేతులెత్తేసేది. పైగా రోజుకు ఎనిమిది గంటల కోతలో తీసుకునేది ఎక్కువ, మిగిలిన వేళల్లో నిండేది తక్కువ. ఇలా ఎప్పుడూ సగం ఖాళీగా ఉండే బ్యాటరీ పలకల మీద గట్టి పొర కట్టి త్వరగా పాడవుతుంది. అందుకని ఇంట్లో ఒక నియమం పెట్టాను. కరెంటు పోతే అందరూ ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద. పిల్లలు చదువుకుంటుంటే నేను పక్కన టైపు చేసుకునేదాన్ని. అప్పటినుంచి ఎనిమిది గంటల కోతకూ సరిపోయేది.

బ్యాటరీని చూసుకునే పని మాత్రం నాదే అయింది. ఏ ఇంట్లో చూసినా ఇంతే అనుకుంటా. నాయనమ్మ కందిలి చిమ్నీ తోమింది, అమ్మ యాసిడ్ దగ్గర పిల్లలను కాపలా కాసింది, నేను నెలకోసారి ఎర్ర గీత, పచ్చ గీత చూసి డిస్టిల్డ్ వాటర్ పోశాను. కుళాయి నీళ్ళు పోయకూడదు, అందులోని ఉప్పులు పలకలను పాడుచేస్తాయి. యాసిడ్ అసలే పోయకూడదు, ఆవిరైపోయేది నీళ్ళే కాబట్టి. పోసిన తేదీ కూడా క్యాలెండర్ మీదే రాశాను. ఆ బ్యాటరీ ఆరేళ్ళు వచ్చింది.

2013 డిసెంబరు 31న రాయచూరు నుంచి సోలాపూర్‌కు 765 కిలోవోల్టుల లైను కలిసింది. దానితో దక్షిణాది గ్రిడ్ దేశంతో ఒకటైంది. ఆ రాత్రి మేము కొత్త సంవత్సరం కేకు కోసుకుంటున్నాం, మన పక్కనుంచే అంత పెద్ద పని జరిగిందని తెలియదు. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. కరెంటు ఏమవుతుందోనని అందరికీ భయమే. ఆ ఏడాది చివర నుంచి ఇళ్ళకు కోతలు తగ్గుతూ వచ్చాయి. 2018 జనవరి 1 నుంచి పొలాలకు కూడా ఇరవై నాలుగు గంటలు ఇస్తామన్నారు. నా క్యాలెండర్లలో 2015 నుంచి పాల లెక్క ఒక్కటే ఉంది. కరెంటు వేళలు రాయడం ఎప్పుడు మానేశానో నాకే గుర్తు లేదు.

ఇప్పుడు మా పెద్దమ్మాయి ఇంటినుంచే ఉద్యోగం చేస్తోంది. ల్యాప్‌టాప్‌కు లోపలే బ్యాటరీ. వైఫై డబ్బా తాగేది పది వాట్ల లోపే, దానికి అరచేతిలో పట్టేంత బ్యాకప్ పెట్టుకుంది, గంటల తరబడి వస్తుంది. గాలివానకు తీగ తెగితే తప్ప మాకు కరెంటు పోదు. పోయినా తను తల కూడా ఎత్తదు.

మొన్న ఈ కథంతా చెప్పాక ఆ కరిగిన డబ్బాను చేతిలో తిప్పి చూసింది. "ఆ రాత్రి నేను లేవకపోయి ఉంటే?" అంది. ఆ మాట నేను పదమూడేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను, పైకి అనలేదు. డబ్బాను తుడిచి మళ్ళీ అటక మీదే పెట్టింది. కిందికి దిగి, "ఆ సంచికలో నీ పేరు పడలేదా అయితే?" అని అడిగింది. ఆ ఏడాది పడలేదు. మరుసటి ఏడాది వాళ్ళే మళ్ళీ పిలిచారు. ఆ సంచికను కూడా వెతికి తీసి చూపించాను. చివరి పేజీలో, కింద, చిన్న అక్షరాల్లో ఉంది.